మూగపెళ్లాం కథ

మా అత్తగారు ఇంటికొచ్చిన వాళ్ల ముందు నన్ను మెచ్చుకునే మాట ఒక్కటే. "మా కోడలికి నోట్లో నాలుక లేదమ్మా." ఆ మాట అనేటప్పటికి నేను సాధారణంగా టీ కప్పుల పళ్లెం పట్టుకుని వంగి ఉంటాను. వచ్చినావిడ నన్ను ఎగాదిగా చూసి, "అదృష్టవంతులండీ మీరు" అంటుంది. నేను నవ్వి, ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోతాను. చిన్నప్పుడు మా వీధి వీధంతా నన్ను వాగుడుకాయ అనేవాళ్లని ఆ వచ్చినావిడకి ఎవరు చెప్తారు? బళ్లో టీచరు నన్ను కిటికీ దగ్గర విడిగా కూర్చోబెడితే, కిటికీ అవతల వెళ్లేవాళ్లతో మాట్లాడేదాన్నట.

ఇంకో తమాషా ఏమిటంటే, నాకు జీతమిచ్చేది మాట్లాడినందుకే. ఊళ్లో లైబ్రరీలో పిల్లల విభాగం నాది. పుస్తకాలకి అట్టలు వెయ్యడం, చిరిగినవి అతికించడం, పిల్లలు అలమరాల వెనక దాచిన బిస్కెట్ ముక్కలు ఊడ్చడం, అన్నిటికన్నా ముఖ్యంగా కథలు చెప్పడం. "ఆడవాళ్లు కదా, మీకు కథలు పుట్టుకతో వస్తాయి" అని మా పెద్దసారు శనివారం మధ్యాహ్నాలు కూడా నాకే అంటగట్టారు. శనివారం జీతంలోకి రాదు. అయినా నేను పట్టించుకోలేదు. వారంలో నా గొంతు నాకు గట్టిగా వినిపించేది అక్కడే. అక్కడ రాక్షసుడిలా అరిచేదాన్ని, నక్కలా ఊళవేసేదాన్ని, ముసలి రాజులా దగ్గేదాన్ని. సాయంత్రం ఇంటి గేటు తీస్తుంటేనే గొంతు దానంతటదే చిన్నబోయేది.

మా ఆయన కొట్టే మనిషి కాదు, తాగే మనిషి కాదు. ఇన్సూరెన్సు ఆఫీసులో పని, అందరితో మర్యాద. ఆయన చేసేదల్లా నా బదులు తను మాట్లాడటం. డాక్టరు నన్ను ఎక్కడ నొప్పి అని అడిగితే ఆయన చెప్తాడు. బట్టలకొట్టువాడు ఏ రంగు కావాలమ్మా అంటే ఆయన చెప్తాడు. మధ్యలో నేను నోరు తెరిస్తే, ఆ పూటకి నవ్వి ఊరుకుంటాడు. ఇంటికొచ్చాక మాటలు బంద్. వారం, పదిరోజులు. "మంచినీళ్లు కావాలని మీ అమ్మకి చెప్పు" అని మా అమ్మాయితో చెప్పిస్తాడు, నేను ఎదురుగానే నిలబడి ఉంటాను. పిల్ల మా ఇద్దరి మధ్యా తపాలా బంట్రోతులా తిరుగుతూ పెరిగింది.

పెళ్లైన కొత్తలో ఒకసారి నేను పెట్టె సర్దుకుని మా అమ్మ దగ్గరికి వెళ్లిపోయాను. కారణం చెబితే నవ్వుతారు. ఆయన ఆఫీసువాళ్లు భోజనానికి వచ్చినప్పుడు ఆయన ఏదో దేశం రాజధాని పేరు తప్పు చెప్పారు. నేను సరిదిద్దాను. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వారు. ఆ తర్వాత నెల్లాళ్లు ఆ ఇంట్లో నేను గోడనో, గోడ పక్క కుర్చీనో. చివరికి అత్తగారు, "పదిమందిలో పరువు తీశావు, పదిమందిలోనే క్షమాపణ చెప్పు" అని ఆ అందరినీ మళ్లీ భోజనానికి పిలిచారు. నేను వండాను. వడ్డించాను. చెప్పాను. మర్నాడు పొద్దున్నే పెట్టె పట్టుకుని బస్సెక్కాను.

అమ్మ ఏమీ అడగలేదు. అన్నం పెట్టింది. మధ్యాహ్నం నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని చిక్కుబడ్డ జుట్టు విడదీస్తూ, "మూగపెళ్లాం కథ చెప్పనా?" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ కథ మా ఇంట్లో నన్ను నిద్రపుచ్చే కథ. ఒక వాగుడు పిల్లని ఒక పెద్ద మోతుబరి పెళ్లి చేసుకుంటాడు. "నేను మాట్లాడమనే దాకా నోరు విప్పకూడదు" అని షరతు పెడతాడు. పిల్ల ఒప్పుకుంటుంది. కొట్టంలో గేదె ఈనినా ఎవరినీ పిలవదు, తనే దూడని లాగుతుంది. వంటింటికి నిప్పంటుకున్నా కేక వెయ్యదు, బిందెలతో నీళ్లు మోసి ఆర్పుతుంది. అక్కడికొచ్చేసరికి ప్రతిసారీ నేను నిద్రపోయేదాన్ని. అమ్మ కూడా పనులు మిగిలిన మనిషి, అక్కడితో ఆపేసి లేచి వెళ్లేది. ఆ కథ చివర్లో ఏమవుతుందో నాకు ఆ రోజు వరకు తెలియదు.

ఆ రోజు నిద్ర రాలేదు. అమ్మ చివరిదాకా చెప్పింది. ఏళ్లు గడిచాక మోతుబరికి జబ్బు చేస్తుంది. భార్య రాత్రీ పగలూ సేవ చేస్తుంది. లేచి కూర్చున్నాక అతనికి సిగ్గేసి, "ఇప్పుడు మాట్లాడు" అంటాడు. ఇన్నేళ్లకి తెరిచిన నోటితో ఆవిడ, "మీకు ఆకలేస్తోందా?" అని అడుగుతుంది. అంతే, అతని గుండె కరిగిపోతుంది. ఏడుస్తూ ఇంటి తాళాలు తీసి ఆవిడ చేతిలో పెడతాడు. "చూశావా, ఓర్చుకుంది కాబట్టి ఇల్లు దానిదైంది" అని అమ్మ నా తల నిమిరింది.

మర్నాడు అన్నయ్య నన్ను బస్సెక్కించాడు. నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఏదో బలం వచ్చినట్టనిపించింది. మా అమ్మ ఎప్పుడూ నాకు ఉపదేశాలు చెప్పి ఎరగదు, సర్దుకుపో అన్న మాట కూడా అనలేదు. ఒక్క కథ చెప్పింది. ఆ కథని నేను ఎన్నేళ్లు మోశానో! ఆయన మాట్లాడని ప్రతి వారమూ దాన్ని గుర్తు తెచ్చుకునేదాన్ని. ఏదో ఒకరోజు ఆయన నావైపు తిరిగి మాట్లాడు అంటాడు, అప్పుడు నేనేమంటానో అని అంట్లు తోముతూ మాటలు వెతుక్కునేదాన్ని. మా అమ్మాయికి పదేళ్లు దాటాయి, ఆ రోజు రాలేదు.

ఈమధ్య పెద్దసారు నన్ను పిలిచి, పక్క జిల్లా పెద్ద లైబ్రరీలో పిల్లల విభాగానికి అధికారి కావాలన్నారు. నా పేరు పైవాళ్లే అడిగారట. జీతం ఎక్కువ, వెనకే రెండు గదుల క్వార్టరు. "ఆలోచించుకుని చెప్పండి" అన్నారు. ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. మా ఆయన పేపరు చదువుతూ, "చూద్దాంలే" అన్నారు. రెండ్రోజుల తర్వాత నేనే ధైర్యం చేసి పెద్దసారు గదిలోకి వెళ్తే, ఆయన నాకన్నా ముందే, "పోనీలెండమ్మా, మీవారు చెప్పారు. పొద్దున వాకింగులో కలిశాం. మీకు ఇల్లు వదిలి వెళ్లడం ఇష్టం లేదటగా" అన్నారు.

నాకు ఇష్టం లేదట. తలుపు దగ్గర అలాగే నిలబడిపోయాను. లేదండీ, నేనలా అనలేదు అనడానికి ఎంతసేపు పడుతుంది? అనకుండానే వెనక్కి తిరిగాను. ఇంటికెళ్లి మా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేశాను. కాలర్ల మీద పెట్టె నొక్కుతుంటే, ఇంకొంచెం ఓర్చుకో, ఇంకొంచెం అని నాకు నేనే చెప్పుకున్నాను. అది మా అమ్మ గొంతే.

ఆ శనివారం లైబ్రరీలో వేరే దేశాల కథల కార్యక్రమం. ఊళ్లో బతకడానికి వచ్చిన వాళ్లని పిలిచి వాళ్ల చిన్ననాటి కథలు చెప్పించాలన్నది నా ఆలోచనే. గోడ మీద కాగితంలో పెద్దసారు పేరుంది, అది వేరే సంగతి. పిల్లలూ, వెనక బెంచీల మీద వాళ్ల తల్లులూ. చలిదేశం నుంచి వచ్చిన నర్సు ఒకావిడ వచ్చీరాని మన భాషలో కథ చెప్పింది. భర్త కోపానికి భయపడి ఒక భార్య ఏడాదికొక మాట నాలుక కింద దాచుకుంటుందట. నోరు నిండిపోయాక ఒకరోజు అన్నీ ఒక్కసారే అనేసి, అతని బూట్లు వేసుకుని గడ్డకట్టిన నది దాటిపోతుందట. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత సముద్రం అవతల నుంచి వచ్చిన దర్జీ ఆవిడ. వాళ్ల కథలో భార్య తన బాధలన్నీ బావిలోకి వంగి చెప్పుకుంటుంది. విని విని బావి పొంగుతుంది. ఇల్లు మునిగిపోతుంది, భార్య తలుపు చెక్క మీద కూర్చుని తేలిపోతుంది.

నాకు భలే ఆశ్చర్యమేసింది. ఎక్కడెక్కడి వాళ్లో, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు, ఒకే ఆడదాని గురించి చెప్తున్నారు. "మా దగ్గరా ఒకటుంది" అని నేను మూగపెళ్లాం కథ ఎత్తుకున్నాను. గేదెలా అరిచాను, మంటల్లా చేతులాడించాను. చివరికొచ్చాను. మీకు ఆకలేస్తోందా అని మెత్తగా అన్నాను. తాళాలు ఇప్పించేశాను. పిల్లలు చప్పట్లు కొట్టలేదు. నర్సూ, దర్జీ ఆవిడా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

అప్పుడు వెనక బెంచీ మీంచి మా పెద్దమ్మ లేచింది. మా అమ్మకి సొంత అక్క. ఇక్కడే కూతురింట్లో ఉంటుంది, మనవణ్ని తీసుకుని అప్పుడప్పుడూ వస్తుంది. గొంతు తగ్గించడం ఆవిడకి చేతకాదు.

"అదేంటే, ముగింపు మింగేశావు?"

"అదే కదా పెద్దమ్మా ముగింపు."

"నీ మొహం! ఆకలేస్తోందా అని అడగడానికా అది అన్నేళ్లు నోరు కట్టుకుంది? మా అమ్మ ఎప్పుడు చెప్పిందీ కథ అలా?" అంటూ మనవణ్ని పక్కకి జరిపి ముందుకొచ్చింది. పిల్లలు ఆవిడకి దారిచ్చారు. "వినండర్రా. మొగుడు మాట్లాడు అంటాడు. ఆవిడ అప్పుడు ఏమంటుందో తెలుసా? 'ఇన్నాళ్లూ మాట రాక ఊరుకోలేదు. నీతో చెప్పదగ్గ మాట దొరక్క ఊరుకున్నాను. ఇప్పటికీ దొరకలేదు' అని, తన కడుపున పుట్టిన పిల్లని చంకనేసుకుని చక్కాపోతుంది. వాడు కూర్చున్నచోటే కూర్చుంటాడు. కథ అదీ!"

పిల్లలు గోలగోలగా చప్పట్లు కొట్టారు. దర్జీ ఆవిడ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఏదో అంది. నేను కూడా నవ్వాను, నవ్వకపోతే బాగుండదని. అందరూ వెళ్లాక కుర్చీలు సర్దుతూ పెద్దమ్మని అడిగాను. "అమ్మకి కూడా తెలుసా, ఈ ముగింపు?"

"తెలియకపోవడమేంటే? ఇద్దరం ఒక చాప మీద పడుకుని విన్నాం. మా అమ్మ ఆ మాట దగ్గరికి రాగానే మీ అమ్మే ముందు అందుకునేది. పరుగెత్తే దృశ్యం కూడా అభినయించి చూపించేది." కుర్చీ నా చేతిలో ఉండిపోయింది. నా మొహం చూసి పెద్దమ్మ నవ్వు ఆపేసింది. "ఏమైందే?" అంది. "ఏం లేదు పెద్దమ్మా, కాళ్లు పీకుతున్నాయి" అన్నాను.

నన్ను మా ఆయన మోసం చేస్తే తట్టుకోగలను, ఆయన దగ్గర నేను పెద్దగా ఏదీ ఆశించలేదు. అత్తగారు ఏమన్నా అది బయటి దెబ్బ. కానీ ఆ మధ్యాహ్నం నేను ఎవరి ఒళ్లో తల పెట్టుకున్నాను? ఆ వేళ్లు నా జుట్టులో చిక్కు తీస్తున్నాయి, ఒక్క వెంట్రుక తెగకుండా, నొప్పి తెలియకుండా. అదే సమయంలో ఆ నోరు నాకోసం అబద్ధం అల్లుతోంది. గట్టిగా తిట్టి పంపినా ఇంత బాధుండేది కాదు. తిడితే ఎదురు తిరిగేదాన్నేమో. కథ చెప్తే ఎవరు ఎదురు తిరుగుతారు?

ఆదివారం పొద్దున్నే అమ్మ దగ్గరికి వెళ్లాను. అన్నయ్య, వదిన ఇంట్లో లేరు. అమ్మ తన మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అన్నయ్యవి ఒక పక్క, వదినవి ఒక పక్క, పిల్లలవి ఒక పక్క. తనవి మంచం చివర చిన్న కుప్ప. ఆ ఇంట్లో అమ్మకి బీరువా లేదు.

"అమ్మా, మూగపెళ్లాం చివరికి ఏం చేస్తుంది?" అన్నాను, కూర్చోకుండానే.

అమ్మ చేతులు ఆగాయి. "అక్క చెప్పిందా?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

"ఇదడగడానికేనా పొద్దున్నే పరిగెత్తుకొచ్చావు? కాఫీ తాగుతావా?"

"ఆ రోజు నిజం ముగింపు చెప్పి ఉంటే నేను వెనక్కి వెళ్లేదాన్ని కాదు."

"తెలుసు" అంది అమ్మ. "అందుకే మార్చాను."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేతిలో ఉన్న చొక్కా మడత పూర్తి చేసి పక్కన పెట్టింది. "అప్పుడు మీ నాన్న మంచాన పడి ఉన్నారు. మీ అన్నయ్యకి కొత్తగా పెళ్లైంది. ఉన్నవి రెండు గదులు. నిన్నెక్కడ పెట్టుకోను? ఉండిపోవే అని నాతో అనిపించుకోవాలని వచ్చావు, నీ మొహం చూస్తే తెలిసింది. అది నా నోటి నుంచి రాదు. పొమ్మని కూడా రాదు."

"అందుకని కథతో గెంటావు."

"అను. అనాల్సిందే. కానీ ఒకటి విను. నేనూ పెట్టె పట్టుకుని మా అమ్మ దగ్గరికి వెళ్లాను ఒకసారి. నువ్వు అప్పటికి కడుపులో ఉన్నావు. ఆ రాత్రి మా అమ్మ నాకా కథ ఉన్నదున్నట్టు చెప్పింది. పిల్లని చంకనేసుకుని పోయిందని నేనే అందుకున్నాను, ఎంత ధైర్యమొచ్చిందో! తెల్లారేసరికి ఆ అమ్మే నన్ను బండెక్కించింది. కథ ఒకలా ఉంది, పుట్టింటి తలుపు ఇంకోలా ఉంది. ఆ రెండింటి మధ్య నేను నలిగినట్టు నువ్వు నలగొద్దనుకున్నాను. ఆ తలుపుకి తగ్గ కథే చెప్పాను."

జాలి వచ్చింది. జాలి కంటే ముందే కోపం వచ్చి కూర్చుంది, లేవలేదు. "నువ్వు ఉండిపోమని అననక్కర్లేదు. నా దగ్గర చోటు లేదు అని చెప్తే చాలేది. నేను ఇంకెక్కడైనా వెతుక్కునేదాన్ని. నువ్వు నాకు ఇల్లు ఇవ్వలేకపోయావు, సరే. వెళ్లొచ్చు అన్న ఆలోచన కూడా లేకుండా చేశావు" అన్నాను. కాఫీ తాగకుండానే వచ్చేశాను. గేటు దాకా అమ్మ రాలేదు. ఎప్పుడూ వస్తుంది.

సోమవారం పెద్దసారు గదిలోకి వెళ్లాను. కుర్చీ లాక్కుని ఆయన చెప్పకముందే కూర్చున్నాను. "సార్, మావారు మీకు చెప్పింది ఆయన మాట. నన్ను మీరు అడగలేదు, నేను చెప్పలేదు. నేను వెళ్తాను" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇంట్లో మరోసారి..." అన్నారు. "అక్కర్లేదండీ" అన్నాను. అంత సులువుగా వచ్చిన మాట ఇన్నేళ్లు ఎక్కడుందో నాకే తెలియలేదు.

ఇంట్లో చెప్పిన రోజు నుంచి మా ఆయన మాటలు మానేశారు. ఈసారి మా అమ్మాయి తపాలా మొయ్యనంది. "నువ్వే చెప్పు నాన్నా, అమ్మ అక్కడే ఉందిగా" అని పుస్తకంలో తల దూర్చింది. స్కూలు మారడం ఇష్టమేనా అని దాన్ని అడిగాను. "అక్కడ నాన్న నాతో ఫోనులో మాట్లాడతాడా?" అంది. మాట్లాడతాడన్నాను. "అయితే ఇష్టమే" అంది. ఆ రాత్రి దాని బట్టలు సర్దుతూ, మడతపెట్టినవే మళ్లీ మడతపెట్టాను.

నాలుగు రోజులు ఊరుకుని ఆయన నేను ఊహించని పని చేశారు. ఒక సాయంత్రం కారులో మా అమ్మని తీసుకొచ్చారు. హాల్లో సోఫాలో కూర్చోబెట్టారు. అత్తగారు ఎదురుగా కుర్చీ వేసుకుని, "వదినగారూ, మీ పిల్లకి మీరే నచ్చజెప్పండి. మీ మాట కాదనదు" అన్నారు. ఆయన, "చెప్పండి అత్తయ్యా" అన్నారు. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. మా అమ్మ సంచీని ఒళ్లో పెట్టుకుని, ఎవరింటికో పనికి వచ్చిన మనిషిలా సోఫా అంచున కూర్చుంది. లోపల ఎక్కడో నాకు ఇంకా ఆశ ఉంది. ఈసారైనా అంటుందని. పోవే తల్లీ అని, ఒక్కసారి.

అమ్మ నన్ను చూసింది. "పిల్ల చదువు అయ్యేదాకా ఆగరాదూ?" అంది నెమ్మదిగా. "బాబు మంచివాడే కదే."

ఆ మాటతో ఏదో తెగిపోయింది. నొప్పి పుట్టింది గానీ ఆశ్చర్యం కలగలేదు.

"అమ్మా, ఇప్పుడు నేను నీతో వస్తానంటే తీసుకెళ్తావా?" అన్నాను.

అమ్మ సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. "మీ వదిన..." అని ఆగిపోయింది.

"నేను రానులే. నువ్వు చెప్పాల్సింది చెప్పావు, నేను విన్నాను. శనివారం వెళ్తున్నాం" అన్నాను. ఆయన లేచి నిలబడ్డారు. "నిన్ను ఇంత స్వేచ్ఛగా ఉంచినందుకు..." అని మొదలుపెట్టారు. చెప్పనిచ్చాను. చాలాసేపు చెప్పారు. నాకు అందులో జవాబు చెప్పాల్సింది ఏమీ కనబడలేదు. అత్తగారు మాత్రం, "దీనికి ఇన్ని మాటలు ఎప్పుడొచ్చాయి?" అని మా అమ్మ వైపు నేరం చేసినట్టు చూశారు.

అమ్మని బస్సెక్కించడానికి నేనే వెళ్లాను. తీసుకొచ్చేటప్పుడున్న కారు, తీసుకెళ్లేటప్పుడు లేదు. స్టాపులో ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం. నేను ఆమెని క్షమించలేదు. ఆ సాయంత్రం అసలే కాదు. కానీ సోఫా అంచున కూర్చున్న ఆ మనిషి, మంచం చివర చిన్న కుప్పగా తన బట్టలు పెట్టుకునే ఆ మనిషి, ఇవాళ రాత్రి వదిన ఏమైనా అంటే పెట్టె పట్టుకుని ఎక్కడికి వెళ్తుంది అనిపించింది. వెళ్లడానికి ఆమెకి తల్లి కూడా లేదు.

బస్సు మలుపు దగ్గర కనబడింది. నేను ఆమె చెవి దగ్గరికి వంగి నా కొత్త చిరునామా చెప్పాను. లైబ్రరీ వెనక గేటు, నీళ్లట్యాంకు పక్క సందు, రెండో క్వార్టరు, ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో.

అమ్మ పెదాలు కదిలించి గుర్తుపెట్టుకుంటోంది. బస్సు వచ్చి ఆగింది. మెట్టు మీద ఒక కాలు పెట్టి, చెయ్యి నా భుజం మీద వేసి, "ఇంకోసారి చెప్పవే" అంది.